గాల్ బ్లాడర్‌లో రాయి: ఊరుకోవాలా, ఉర్సో వాడాలా, ఆపరేషన్ చేయించుకోవాలా?

మా మెడికల్ షాపు కౌంటర్ మీద చీటీతో పాటు స్కానింగ్ రిపోర్టు కూడా పరిచి, "ఇది వాడితే కరుగుతుందంటారా?" అని అడిగేవాళ్ళు వారానికి ఒకరైనా వస్తారు. రిపోర్టు చివరి లైను దాదాపు ఒకటే. గాల్ బ్లాడర్‌లో రాయి, ఇన్ని మిల్లీమీటర్లు. ఒక డాక్టరు ఏమీ అక్కర్లేదన్నారు, ఇంకొకరు రాయి కరగడానికి ఉర్సో అనే బిల్ల రాశారు, మూడో ఆయన తీసేయిద్దామన్నారు. ముగ్గురిలో ఎవరో మోసం చేస్తున్నారని ఇంట్లో ఒకటే చర్చ. నాకు తెలిసి చాలాసార్లు ముగ్గురి మాటా సరైనదే, కాకపోతే మూడు రకాల మనుషులకు. మీరు అందులో ఏ రకమో తేల్చుకోవాలి.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. ఆఖరి నిర్ణయం సర్జన్ ముందు కూర్చునే తీసుకోండి. ఆయన మీకిచ్చే ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలిసి వెళ్ళడానికి ఇది పనికొస్తుంది.

ఆ రాయి ఎక్కడిది

ఇంట్లో చేప శుభ్రం చేసేవాళ్ళకు తెలుసు, లోపల ఆకుపచ్చగా ఉండే చిన్న తిత్తి చితికిందంటే ముక్కంతా చేదెక్కుతుంది. మనకూ అలాంటి తిత్తే, అలాంటి పసరే. లివర్ రోజుకు అర లీటరు పైనే, ఒక్కోసారి లీటరు దాకా పసరు తయారుచేస్తుంది. గాల్ బ్లాడర్ అందులో నీళ్ళు పీల్చేసి, చిక్కబరిచి దాచుకుంటుంది. మనం పప్పన్నంలో నెయ్యి వేసుకుని తినగానే పేగులోకి పిండుతుంది.

ఆ పసరులో అసలు సరుకు పైత్య ఆమ్లాలు. లివర్ వీటిని కొలెస్ట్రాల్ నుంచే చేస్తుంది. లివర్ స్వయంగా చేసేవి ముఖ్యంగా రెండు: కోలిక్ ఆమ్లం, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం. పేగులోని బాక్టీరియా వాటిని మార్చితే ఇంకో రెండు వస్తాయి: డీఆక్సీకోలిక్, లిథోకోలిక్. ఒంట్లో ఉన్నవన్నీ పోగేసినా మూడు గ్రాములకు అటూ ఇటూ, అంతే. ఊళ్ళో ఉన్న ఒక్క సెట్టు వంటపాత్రలే పెళ్ళి పెళ్ళికీ తిరిగినట్టు, ఆ కాస్త సరుకే రోజుకు ఆరు నుంచి పదిసార్లు తిరుగుతుంది. చిన్నపేగు చివరి భాగం ప్రతిసారీ దాదాపు 95 శాతాన్ని పీల్చి లివర్‌కు వెనక్కి పంపుతుంది. రోజు మొత్తం మీద మలంలో పోయేది సుమారు అర గ్రాము. అంతమేరకు లివర్ కొత్తగా చేసుకుంటుంది.

వీటి పని సబ్బు పని. కొలెస్ట్రాల్ నీళ్ళలో కరగదు కాబట్టి పైత్య ఆమ్లాలు, లెసిథిన్ అనే కొవ్వు పదార్థం కలిసి దాన్ని పసరులో కరిగించి ఉంచుతాయి. జిడ్డు ఎక్కువై సబ్బు చాలకపోయినా, తిత్తి సరిగా పిండక పసరు నిలవుండిపోయినా కొలెస్ట్రాల్ పలుకులు కడుతుంది. పలుకులు పేరుకుని రాయవుతాయి. ఆడవాళ్ళలో, గర్భంతో ఉన్నప్పుడు, బరువు ఎక్కువున్నవాళ్ళలో ఇది ఎక్కువ. వారానికి కిలోన్నరకు మించి బరువు తగ్గించే డైట్లు చేసేవాళ్ళకూ అంతే. చిన్నపేగు చివర టీబీ వచ్చినా, ఆ భాగాన్ని కోసి తీసేసినా పైత్య ఆమ్లాలు తిరిగి రాక రాళ్ళు కట్టే అవకాశం పెరుగుతుంది.

ఇవి కొలెస్ట్రాల్ రాళ్ళు. ఎర్రరక్తకణాలు చితికితే వచ్చే బిలిరుబిన్ అనే రంగు పదార్థంతో కట్టే పిగ్మెంట్ రాళ్ళు వేరే జాతి, నల్లగానో గోధుమరంగులోనో ఉంటాయి. సికిల్ సెల్, తలసీమియా ఉన్నవాళ్ళలో ఎర్రరక్తకణాలు త్వరగా చితికిపోతాయి కాబట్టి నల్లవి కడతాయి. ఆదిలాబాద్ వైపో, అల్లూరి సీతారామరాజు జిల్లా వైపో సికిల్ సెల్ ఉన్న పిల్లవాడికి రాయి కనబడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాంటి జబ్బేమీ లేనివాళ్ళలో కూడా, ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో పిగ్మెంట్ రాళ్ళు, రెండూ కలిసిన రాళ్ళు ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఉర్సో దగ్గర అక్కరకొస్తుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అందరూ ముందు అడిగేది ఎన్ని మిల్లీమీటర్లని. నేనైతే దాన్ని మూడో ప్రశ్నగా పెడతాను.

మొదటి ప్రశ్న, ఇది నొప్పి తెప్పించిందా? గ్యాస్ నొప్పితో దీన్ని కలిపేసుకోవద్దు. రాయి నొప్పి కుడి డొక్క పైభాగంలోనో, రొమ్ము ఎముక కింద పొట్ట నడిమధ్యలోనో మొదలవుతుంది. వెనక్కి, కుడి భుజం రెక్క దాకా పాకుతుంది. బాగా తిన్నాకో, అర్ధరాత్రో వస్తుంది. ఏ భంగిమలో పడుకున్నా తగ్గదు. అరగంట నుంచి కొన్ని గంటలు పట్టి పీడించి, తర్వాత ఏమీ జరగనట్టు పోతుంది. తేన్పులు, కడుపు ఉబ్బరం, ఛాతీలో మంట, ఇవి మాత్రమే ఉంటే రాయి మీద నేరం మోపడానికి సాక్ష్యం చాలదు. ఉబ్బరం కోసం గాల్ బ్లాడర్ తీయించుకున్నాక కూడా అదే ఉబ్బరంతో గ్యాస్ బిల్ల కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తూనే ఉన్నాను.

రెండో ప్రశ్న, రాయి దేనితో తయారైంది? మామూలు అల్ట్రాసౌండ్ రాయి ఉందని చెబుతుంది, జాతి చెప్పదు. ఎక్స్‌రేలోనో సీటీలోనో తెల్లగా కనబడితే అందులో కాల్షియం ఉన్నట్టు, బిల్లలకు అది లొంగదు. మూడోది సైజు, తిత్తి సరిగా పిండుతోందా లేదా అన్నది. నాలుగోది మీరే: వయసు, గర్భం, గుండె జబ్బు, మత్తు తట్టుకునే శక్తి.

| చూడాల్సింది | ఊరుకోవడం | ఉర్సో బిల్లలు | లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ఆపరేషన్) |
|---|---|---|---|
| ఎవరికి | నొప్పే రానివాళ్ళకు | చిన్న కొలెస్ట్రాల్ రాళ్ళుండి, తిత్తి పనిచేస్తూ, ఆపరేషన్ కుదరనివాళ్ళకు | ఒక్కసారైనా రాయి నొప్పి వచ్చినవాళ్ళకు |
| ఎంతకాలం | జీవితమంతా కావచ్చు | 6 నుంచి 24 నెలలు | ఆస్పత్రిలో ఒకటి రెండు రోజులు |
| రాయి మళ్ళీ వస్తుందా | ఉన్నది ఉంటుంది | 5 ఏళ్ళలో సుమారు సగం మందికి | తిత్తే ఉండదు, పైత్యనాళంలో (పసరు పేగులోకి వెళ్ళే గొట్టం) మాత్రం అరుదుగా |
| పిగ్మెంట్ రాయికి | పనికొస్తుంది | పనికిరాదు | పనికొస్తుంది |
| ముఖ్యమైన చిక్కు | ఎప్పుడైనా నొప్పి రావచ్చు | కాలం, ఖర్చు, అనిశ్చితి | మత్తు, అరుదుగా పైత్యనాళానికి గాయం |

ఊరుకోవడం

చాలామందికి నచ్చని సలహా ఇదే. రాయి ఉందని తెలిశాక ఏమీ చేయకపోవడం చేతకానితనంలా అనిపిస్తుంది. కానీ నొప్పి లేని రాయి విషయంలో అన్నిటికన్నా గట్టి ఆధారం దీనికే ఉంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే 123 మందికి పరీక్షల్లో రాళ్ళు బయటపడితే, ఏళ్ళ తరబడి వాళ్ళను గమనించి 1982లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి మొదలైంది 5 ఏళ్ళలో 10 శాతం మందికి, 10 ఏళ్ళలో 15 శాతం, 15 ఏళ్ళలో 18 శాతం. వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే కాబట్టి ఆ అంకెల్ని అచ్చంగా మన ఇంటి ఆడవాళ్ళకు అంటగట్టలేం. అయినా దారి తెలుస్తోంది, మొదటి ఏళ్ళు ప్రశాంతంగా గడిస్తే తర్వాత ప్రమాదం పెరగదు, తగ్గుతుంది.

నొప్పి లేకున్నా తీయించుకోమనే సందర్భాలు కొన్ని ఉన్నాయి. రాయి 3 సెంటీమీటర్లు దాటడం, తిత్తి గోడ సున్నం పట్టి గట్టిపడటం, రాయితో పాటు తిత్తి లోపలి గోడ మీద పెద్ద పాలిప్ (బుడిపె) ఉండటం. గాల్ బ్లాడర్ క్యాన్సర్ భయం వల్ల ఇలా అంటారు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకు కూడా సర్జన్లు ముందే చెప్పవచ్చు. షుగర్ ఉంటే చాలు, నొప్పి లేకున్నా తీసేయాలని ఒకప్పుడు అనేవాళ్ళు. ఇప్పుడు షుగర్ ఒక్కటే కారణంగా చెప్పరు.

ఉర్సో బిల్లలు

దీని అసలు పేరు ఉర్సోడీఆక్సీకోలిక్ ఆసిడ్. ఇది కూడా ఒక పైత్య ఆమ్లమే, మన పసరులో చాలా కొద్దిగా ఉంటుంది. ఎలుగుబంటి పసరులో దండిగా ఉంటుంది. లాటిన్‌లో ఉర్సుస్ అంటే ఎలుగుబంటి, ఆ పేరు అక్కడిదే. చైనా, జపాన్ వైద్యంలో ఎలుగు పసరు వాడకం చాలా పాతది. "అయితే ఇది ఎలుగుబంటి మందా?" అని మా షాపులో ఒక పెద్దాయన బిల్ల వెనక్కి తిప్పి తిప్పి చూశారు. కాదు. మామూలుగా పశువుల పసరు నుంచి తీసిన కోలిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో మార్చి దీన్ని చేస్తారు. పూర్తి శాకాహారులకు ఇది పట్టింపైతే వాడేముందే డాక్టరుతో అనడం మంచిది.

మొదట 1970ల్లో రాళ్ళు కరిగించడానికి వాడింది దీని అన్నను, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లాన్ని. అది కొంతమందికి రాయి కరిగించింది, కానీ విరేచనాలు పట్టించింది, లివర్ పరీక్షల్లో అంకెలు పెంచింది. ఉర్సో అంత ఇబ్బంది పెట్టదు కాబట్టి అది పక్కకు పోయి ఇది నిలబడింది. ఉర్సో పేగు నుంచి కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది, లివర్ పసరులోకి వదిలే కొలెస్ట్రాల్‌ను కూడా తగ్గిస్తుంది. జిడ్డు తగ్గిన పసరు రాయి పైపొరను మెల్లగా కరిగించుకుంటూ పోతుంది. ఎంత మెల్లగా అంటే, అన్నీ కలిసొస్తే నెలకు ఒక మిల్లీమీటరు.

ఇక్కడే అసలు సంగతి. అది కరిగించేది కొలెస్ట్రాల్‌ను. బిలిరుబిన్ రాయిని, సున్నం పట్టిన రాయిని ఏడాది కాదు పదేళ్ళు వాడినా కరిగించదు. తిత్తి మూతి మూసుకుపోయి ఉంటే మందున్న పసరు రాయి దాకా చేరనే చేరదు. అందుకే ఉర్సో పనిచేయాలంటే రాయి కొలెస్ట్రాల్‌దై ఉండాలి, ఎక్స్‌రేలో కనబడకూడదు, 15 మిల్లీమీటర్లు దాటకూడదు (5 లోపుంటే మేలు), తిత్తి పిండుతూ ఉండాలి. పిగ్మెంట్ రాళ్ళు ఎక్కువున్న మన ప్రాంతంలో ఈ షరతులన్నీ కుదిరేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

ఖర్చు లెక్క కౌంటర్ దగ్గరే వేయొచ్చు. డోసు కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 300 మిల్లీగ్రాముల బిల్లలు రోజుకు రెండు. ఏడాదికి 730 బిల్లలు. ఒక్క బిల్ల ధరను 730తో హెచ్చవేసి చూడండి, తర్వాత రెండేళ్ళకు వేయండి. మధ్యలో ఆరు నెలలకోసారి స్కానింగ్ ఖర్చు అదనం. ఇంతా చేసి కరిగినా, ఆపేశాక 5 ఏళ్ళలో సుమారు సగం మందికి మళ్ళీ కడుతుంది.

"కరగకపోయినా నొప్పి రాకుండా ఆపుతుంది కదా" అని ఇంకో ఆశ. నొప్పులతో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు నెదర్లాండ్స్‌లో ఉర్సో ఇచ్చి చూశారు. మందు లేని ఉత్త బిల్ల మింగినవాళ్ళకన్నా వీళ్ళకు ఒరిగిందేమీ లేదు.

వాడుతున్నవాళ్ళకు నా వైపు నుంచి ఒక మాట. అల్యూమినియం ఉండే గ్యాస్ సిరప్ దీంతో పాటు తాగకండి, మందు ఒంటబట్టదు. రెండింటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి.

ఉర్సో పనికిరాని మందని మాత్రం అనను. ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అనే లివర్ జబ్బులో ఇది మొదటి మందు, అక్కడ డోసు కిలోకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు. బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళకు కొత్త రాళ్ళు కట్టకుండా కొన్ని నెలలు ఇస్తారు, అది నిజంగా పనిచేస్తుంది. నెలలు నిండుతున్న గర్భిణికి అరిచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు దురద పెడితే రక్తంలో పైత్య ఆమ్లాల పరీక్ష చేయించాలి. రక్తంలో పైత్య ఆమ్లాలు పెరిగే ఆ జబ్బుకూ ఉర్సో రాస్తారు. కానీ బిడ్డకు ముప్పు తగ్గుతుందా అని బ్రిటన్‌లో చేసిన పెద్ద పరీక్షలో, 2019 ఫలితాల ప్రకారం, చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. అక్కడ బిల్ల కన్నా పరీక్షలు, ప్రసవం ఎప్పుడన్న నిర్ణయం ముఖ్యం. ఇక ఫ్యాటీ లివర్‌కు నెలల తరబడి ఉర్సో రాసే అలవాటు మన దగ్గర బాగా ఉంది, దానికి గట్టి ఆధారం లేదు.

లాపరోస్కోపీ

1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి గాల్ బ్లాడర్‌ను తీసేశాడు. తిత్తిలో రాళ్ళున్నాయని తీయక్కర్లేదు, రాళ్ళను తయారుచేస్తోంది కాబట్టి తీయాలని ఆయన వాదన. "రాళ్ళు మాత్రం తీసి తిత్తి ఉంచేయొచ్చుగా" అని ఇప్పుడు అడిగేవాళ్ళకూ జవాబు అదే. 1985లో జర్మనీలోనే ఎరిక్ మూహె దీన్ని లాపరోస్కోప్‌తో చేశాడు. మన దేశానికి ఈ పద్ధతి 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా చేతుల మీదుగా వచ్చింది.

మామూలుగా నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. పూర్తి మత్తు ఇచ్చి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, తిత్తి మొత్తాన్ని బయటికి లాగుతారు. లేచాక పొట్ట కన్నా భుజం నొప్పి ఎక్కువుందని కంగారు పడతారు. అది లోపల మిగిలిన గ్యాస్ వల్ల, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కొద్దిమందికి మధ్యలో పొట్ట కోసి చేయాల్సి రావచ్చు, అది సర్జన్ ఓటమి కాదు, జాగ్రత్త. అసలు భయపడాల్సింది పైత్యనాళానికి గాయం. వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదు కేసుల్లో జరుగుతుంది, జరిగితే బాగుచేయడం పెద్ద పని. కాబట్టి ఆస్పత్రి ఏసీ గదుల కన్నా, సర్జన్ ఇవి ఎన్ని చేశారన్నది అడగండి.

తిత్తి లేకపోతే అరుగుదల పోతుందని భయం. పోదు. లివర్ పసరు చేస్తూనే ఉంటుంది, దాచుకునే చోటు లేక కొంచెం కొంచెంగా పేగులోకి కారుతుంది. కొందరికి పెద్దపేగులోకి చేరే పైత్య ఆమ్లాలు ఎక్కువై నీళ్ళ విరేచనాలవుతాయి. తిన్న వెంటనే పరుగెత్తాల్సి వస్తుంది. ఎక్కువమందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే కొలెస్టిరమిన్ పొడి రాస్తారు, అది పేగులో పైత్య ఆమ్లాలను పట్టి ఉంచుతుంది. చిక్కేమిటంటే అది పక్కనున్న మందుల్ని కూడా పట్టుకుంటుంది. థైరాయిడ్ బిల్ల లాంటివి దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి.

తిత్తి వాచి ఆస్పత్రిలో చేరితే "ముందు చల్లబడనివ్వండి, ఆరు వారాల తర్వాత చేద్దాం" అనడం పాత పద్ధతి. మొదటి మూడు రోజుల్లో, కుదరకపోతే వారం లోపు చేయడమే మెరుగని ఇప్పుడు తేలింది. ఆరు వారాల్లో మళ్ళీ నొప్పి వచ్చి పరుగెత్తేవాళ్ళు తక్కువేం కాదు.

పోటీలోకే రానివి

ఉలవ నీళ్ళు, కొండపిండి ఆకు, అరటి దూట రసం అన్నీ కిడ్నీ రాళ్ళ కోసం మన పెద్దలు చెప్పేవి. గాల్ బ్లాడర్‌లోకి మూత్రం వెళ్ళదు, వీటికి అక్కడ పనేమీ లేదు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే మర్నాడు పచ్చటి రాళ్ళు పడ్డాయని ఫోన్లలో ఫొటోలు తిరుగుతుంటాయి. 2005లో న్యూజిలాండ్ డాక్టర్లు అలాంటి "రాళ్ళను" ల్యాబులో పరీక్షిస్తే, తాగిన నూనె కడుపులోనే సబ్బుగా మారి కట్టిన ఉండలని తేలింది.

మీరు ఎవరైతే ఏది

హెల్త్ చెకప్‌లో బయటపడి, నొప్పి ఎప్పుడూ రాక, పైన చెప్పిన ప్రత్యేక సందర్భాలేవీ లేనివాళ్ళయితే రిపోర్టు ఫైల్లో పెట్టుకుని పని చూసుకోండి. ఉర్సో కూడా అక్కర్లేదు.

రాయి నొప్పి ఒక్కసారైనా వచ్చి, మిగతా ఆరోగ్యం బాగుంటే ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోండి. రాయి చిన్నది కదా అని వాయిదా వేయొద్దు. చిన్న రాయే నాళంలోకి జారి ప్యాంక్రియాస్‌ను వాచేలా చేస్తుంది, పెద్దది తిత్తిలోనే కూర్చుంటుంది. చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్ళబోతూ ఈమధ్యే నొప్పి వచ్చిందంటే విమానం ఎక్కేముందే చూపించుకోండి. పాత జబ్బని అక్కడ ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెట్టే అవకాశం ఉంది.

గుండె బలహీనంగా ఉండి మత్తు ఇవ్వడం ప్రమాదమన్న పెద్దవాళ్ళకు, చిన్న కొలెస్ట్రాల్ రాళ్ళయితే ఉర్సో ప్రయత్నించవచ్చు. నిజంగా ఆ బిల్ల అవసరం ఉన్నది వీళ్ళకే. గర్భిణికి నొప్పి పదే పదే వస్తే నాలుగు నుంచి ఆరో నెల మధ్య ఆపరేషన్ చేయడానికి వీలుంటుంది, భయపడి కాన్పు దాకా ఓర్చుకోవాలని లేదు.

నొప్పితో పాటు చలిజ్వరం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, మలం తెల్లబడటం ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి అదే రాత్రి పెద్దాస్పత్రికి వెళ్ళండి. రాయి నాళంలో ఇరుక్కుని ఉండొచ్చు. ముందు ఎండోస్కోపీతో దాన్ని తీసి, తర్వాత తిత్తి సంగతి చూస్తారు.

పోయిన వేసవిలో ఒకాయన చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి వాళ్ళిచ్చిన రాళ్ళు. మిరియాల్లా నల్లగా, గరుగ్గా పదీ పన్నెండున్నాయి. అంతకుముందు పద్నాలుగు నెలలు ఆయన ఉర్సో కొన్నది మా దగ్గరే. "నేను కరిగిస్తూ వచ్చింది వీటినేనా?" అన్నారు. అవునన్నాను. డబ్బా మూత బిగించి జేబులో వేసుకుని, ఇంట్లో మిగిలిన రెండు షీట్లు వాపసు తీసుకుంటావా అని అడిగారు.